జోడీ కుదరకపోతే బాక్సులు బద్దలే!

హీరో ఎంత పెద్దవాడైనా పక్కన హీరోయిన్ నప్పకపోతే ఆ సినిమా గతి ఏమవుతుందో మీకు నేను చెప్పాలా? మొదటి రోజు ఈలలు, రెండో రోజు ఆవలింతలు, మూడో రోజు ఖాళీ కుర్చీలు! ఇంట్లో హోమ్ థియేటర్ పెట్టుకోవాలని ఉబలాటపడే కుర్రకారు సరిగ్గా ఇక్కడే బోల్తా పడుతున్నారు. "ఏ రిసీవర్ కొనమంటావు గురూ? ఎన్ని వాట్లుండాలి?" అని అడుగుతారు. "మా ఇంట్లో ఉన్న స్పీకర్లు ఇవి, వీటికి జత ఏది?" అని అడిగే బుద్ధిమంతుడు మాత్రం ఎక్కడో గాని తగలడు.

రిసీవర్ అంటే తెలియనివాళ్లకు రెండు ముక్కలు. పాతకాలం డెక్కుకు మనవడు అనుకోండి. సినిమావాళ్లు మూటగట్టి పంపిన శబ్దాన్ని టీవీ దగ్గర అందుకుంటుంది. ఆ మూట విప్పి... మాటలు మధ్య స్పీకరుకు, పాటలు కుడి ఎడమలకు, వెనకాల పడే వాన పక్క స్పీకర్లకు, గుండె అదిరే దెబ్బ సబ్ ఊఫరుకు పంచిపెడుతుంది. ఒక్కో దారికి ఒక్కో ఆంప్లిఫయర్ దాని కడుపులోనే ఉంటుంది. అంతే!

అసలు మన తెలుగువాళ్లకు ఈ శబ్దం పిచ్చి కొత్తదేం కాదు. 1974లో 'అల్లూరి సీతారామరాజు' తొలి తెలుగు సినిమాస్కోప్‌గా వచ్చింది. 1986లో 'సింహాసనం' తొలి తెలుగు 70 ఎం.ఎం.గా, ఆరు ట్రాకుల స్టీరియోఫోనిక్ శబ్దంతో వచ్చింది. రెండూ కృష్ణగారి సాహసాలే. 2022లో 'ఆర్.ఆర్.ఆర్.' నాటికి శబ్దం నెత్తిమీద నుంచి కూడా కురవడం మొదలైంది. అంత కష్టపడి చేసిన శబ్దాన్ని మనం ఇంట్లో టీవీ వెనక అగ్గిపెట్టెలంత స్పీకర్లలో వింటున్నామంటే... బిర్యానీని గ్లాసులో పోసుకు తాగినట్టే మరి!

ఇక అసలు కథలోకి వద్దాం. మా మేనమామగారి ఊరు చిట్యాల. హైదరాబాదు నుంచి విజయవాడ పోయే 65వ నంబరు జాతీయ రహదారి మీద రామోజీ ఫిల్మ్ సిటీ దాటి, చౌటుప్పల్ దాటి వెళ్తే వస్తుంది. ఇంకాస్త ముందుకు పోతే నార్కట్‌పల్లి. మామయ్య వయసులో ఉన్నప్పుడు టూరింగ్ టాకీసుల్లో ప్రొజెక్టర్ ఆపరేటర్. రీలు కాలిపోకుండా, కార్బన్ ఆరిపోకుండా రోజుకు రెండాటలు నడిపిన మనిషి. ఇప్పుడాయనకు ఎడమ చెవి సరిగ్గా వినబడదు. ఈమధ్య టీవీలో సినిమా పెడితే అరగంటకే లేచి అరుగు మీదికి వెళ్లిపోతున్నాడట. "చప్పుడు వినబడుతది, మాట వినబడదు" అంటాడు. బతుకంతా సినిమాతో గడిపిన మనిషి సినిమా మానేశాడంటే, ఇంట్లోవాళ్లకు ఎట్లా ఉంటుందో ఊహించుకోండి.

అందుకే ఆయన కొడుకు... అంటే నా బావమరిది... సెల్‌ఫోన్ల దుకాణంలో పనిచేసి దాచుకున్న 55 వేలు తీసుకుని నాకు కబురు పెట్టాడు.

"బావా, స్పీకర్లు ఉండనే ఉన్నయి గద! రిసీవర్ ఒక్కటి కొంటె అయిపాయె. బాగ వాట్లున్నది ఒకటి చూసిన. పైసలన్నీ దానికే పెడత. నాయినకు మంచిగ వినబడాలె" అన్నాడు.

ఉద్దేశం బంగారం. లెక్కే తప్పు! ఇంట్లో ఉన్న స్పీకర్లేమిటని చూస్తే, డీవీడీల జమానాలో ఒకే పెట్టెలో వచ్చిన సెట్టు. అయిదు చిన్న బాక్సులు, ఒక పెద్ద బాక్సు. అసలు డీవీడీ ప్లేయరు ఎప్పుడో మూలపడింది. బాక్సులు మాత్రం గుడ్డతో తుడిచి భద్రంగా దాచారు. ఒకదాన్ని తిరగేసి చూశాను. వెనక చిన్న అక్షరాల్లో '3 ఓమ్స్' అని ఉంది. మావాడు చూసుకున్న రిసీవరు పుస్తకంలో 'స్పీకర్లు 6 నుంచి 16 ఓమ్స్' అని ఉంది. జాతకాలు కుదరలేదన్నమాట!

ఓము అంటే అడ్డు. స్పీకరు కరెంటుకు ఎంత అడ్డుపడుతుందో చెప్పే అంకె. అడ్డు తగ్గేకొద్దీ రిసీవరు మీద లాగుడు పెరుగుతుంది. అదే వోల్టేజీ దగ్గర 8 ఓముల స్పీకరు కంటే 4 ఓములది రెట్టింపు కరెంటు లాగుతుంది. 3 ఓములదైతే రెండున్నర రెట్లు పైనే. ఒకే ట్రాన్స్‌ఫార్మర్ మీద రైతులందరూ ఒకేసారి మోటార్లు వేస్తే ఏమవుతుందో చిట్యాల చుట్టుపక్కల ఎవరిని అడిగినా చెబుతారు. ఇక్కడా అంతే. బుద్ధి ఉన్న రిసీవరైతే క్లైమాక్సు ఫైటులో తనంతట తాను ఆరిపోతుంది. లేకపోతే లోపలి ట్రాన్సిస్టర్లు మాడి వాసన వస్తుంది. పైగా 8 ఓములు అని రాసి ఉన్నా అది అన్ని స్వరాలకూ ఒకే 8 కాదు. కొన్ని స్వరాల దగ్గర అది 6కో 5కో జారుతుంది. 3 అని రాసినది ఎక్కడికి జారుతుందో లెక్కేసుకోండి.

"మరి వెనక సెట్టింగులల్ల ఓములు మార్చే మీట ఉన్నది గద బావా?" అన్నాడు మావాడు. కొన్ని రిసీవర్లలో ఉంటుంది, నిజమే. కానీ బ్రదర్, ఆ మీట తిప్పితే రిసీవరుకు భీముడి బలం రాదు. లోపలి వోల్టేజీ తగ్గించి, వేడెక్కకుండా చూస్తుంది. అంటే ఉన్న బలమే తగ్గుతుంది. అదీ సాధారణంగా 4 ఓముల దాకానే. 3 ఓములకు ఏ మీటా లేదు.

ఇంకో చిక్కు కూడా బయటపడింది. ఆ సెట్టులోని పెద్ద బాక్సు, అదే సబ్ ఊఫరు, దానికి సొంత ఆంప్లిఫయర్ లేదు, కరెంటు ప్లగ్గూ లేదు. పాత డీవీడీ ప్లేయరే దాన్ని నడిపేది. ఇప్పటి రిసీవర్లలో సబ్ ఊఫరుకు ఇచ్చే పిన్నులో బలం ఉండదు, సంకేతం మాత్రమే వస్తుంది. కాబట్టి గోడ ప్లగ్గుకు తగిలించే సొంత ఆంప్లిఫయర్ ఉన్న సబ్ ఊఫరే కావాలి. పాత సెట్టులున్న పాఠకులు ఈ వాక్యాన్ని రెండుసార్లు చదవండి. డబ్బులు మిగులుతాయి.

వాట్ల సంగతి తేల్చింది మాత్రం నేను కాదు, మామయ్యే! ఇద్దరం వాదించుకుంటుంటే అరుగు మీది నుంచి లోపలికొచ్చి, "మా టాకీసుల ఆంప్లిఫయర్ ఎన్ని వాట్లు అనుకున్నవ్ అల్లుడా? యాభై గూడ దాటది. వందల మంది ఇన్నరు. ఊరి బయటిదాంక ఇనబడేది" అన్నాడు.

ఇందులో ఇంద్రజాలం లేదు. తెరకు సన్నటి చిల్లులుంటాయి, వాటి వెనక పెద్ద పెద్ద హారన్ స్పీకర్లు. హారన్ స్పీకరు పొదుపరి. పిసరంత కరెంటుకు ఊరంత కేక వేస్తుంది. 1940లలో అమెరికాలో ఆల్టెక్ లాన్సింగ్ కంపెనీ 'వాయిస్ ఆఫ్ ది థియేటర్' అని సినిమా హాళ్ల కోసం చేసిన స్పీకర్లదీ ఈ సూత్రమే. ఆ పొదుపును కొలిచే అంకె పేరు సెన్సిటివిటీ. ఒక్క వాటు ఇస్తే ఒక మీటరు దూరంలో ఎన్ని డెసిబెళ్ల శబ్దం వస్తుందో అది చెబుతుంది. ఇళ్లలో వాడే స్పీకర్లలో 83 నుంచి 92 దాకా కనిపిస్తాయి. హారన్లు వందకు అటూ ఇటూ ఉంటాయి.

ఆ అంకెల్లో తేడా చిన్నదిగా కనిపిస్తుంది గాని, చిన్నది కాదు. 3 డెసిబెళ్లు పెరగాలంటే వాట్లు రెట్టింపు కావాలి. 10 డెసిబెళ్లు పెరగాలంటే పదింతలు! చెవికి మాత్రం ఆ పదింతల వాట్లూ 'రెండింతలు పెద్దగా' అనిపిస్తాయి, అంతే. అందుచేత 100 వాట్ల రిసీవరుకూ 120 వాట్లదానికీ వినికిడిలో తేడా ఒక్క డెసిబెల్ కూడా ఉండదు. ఆ ఇరవై వాట్ల కోసం వేలకు వేలు పోసేవాళ్లున్నారు!

చిట్యాల గది లెక్కే చూడండి. సోఫాకు, టీవీకి మధ్య 3 మీటర్లు, అంటే పది అడుగులు. గోడలు తిరిగి కొట్టే శబ్దం కూడా కలుపుకుంటే అంత దూరానికి సుమారు 6 డెసిబెళ్లు పోతాయనుకుందాం. 87 డెసిబెళ్ల స్పీకరైతే ఒక్క వాటుకు సోఫా దగ్గర 81 వస్తుంది. ఫైటులో ఒక్క క్షణం 95కు ఎగరాలంటే ఇంకో 14 డెసిబెళ్లు కావాలి. అంటే 25 వాట్లు. అదే 83 డెసిబెళ్ల స్పీకరైతే 63 వాట్లు కావాలి. గది అదే, సినిమా అదే, స్పీకరు మారేసరికి రెండున్నర రెట్లు! మామూలుగా మాటలు నడుస్తున్నప్పుడు రిసీవరు ఒక వాటు కూడా ఖర్చు పెట్టదంటే మావాడు నమ్మలేదు.

ఇక్కడ కంపెనీల చిన్న టక్కు ఒకటుంది. కొందరు సెన్సిటివిటీని వాటులో కాకుండా '2.83 వోల్టులకు' అని రాస్తారు. 8 ఓముల స్పీకరుకు అది సరిగ్గా ఒక వాటే. 4 ఓములదానికైతే అది రెండు వాట్లు. అంటే 3 డెసిబెళ్లు ఉత్తపుణ్యానికి ఎక్కువ కనిపిస్తాయి. తీసేసి చదువుకోండి.

రిసీవరు అట్ట మీది వాట్ల కథ ఇంకా రంజుగా ఉంటుంది. 2018లో వచ్చిన యమహా ఆర్ఎక్స్-వి385నే తీసుకోండి. తప్పుపట్టడానికి కాదు, ఆ కంపెనీ అన్ని అంకెలూ నిజాయితీగా కాగితం మీద పెట్టింది కాబట్టి చెబుతున్నా. 6 ఓముల స్పీకర్లు రెండు నడుపుతూ, అడుగు స్వరం నుంచి పై స్వరం దాకా, 0.09 శాతం వికృతితో 70 వాట్లు. ఒక్క స్పీకరు, ఒకే ఒక్క స్వరం, 0.9 శాతం వికృతి అంటే 100 వాట్లు. అదే ఒక్క స్పీకరుకు వికృతి 10 శాతం దాకా పోనిస్తే 135! ఒకే పెట్టె... మూడు వేషాలు! మీరు నమ్మాల్సింది మొదటి వేషాన్ని. '20 హెర్ట్జ్ నుంచి 20 వేల హెర్ట్జ్ దాకా, రెండు చానళ్లు నడుస్తుండగా' అన్న మాటలుంటేనే ఆ అంకెకు విలువ. అయిదూ ఒకేసారి గర్జిస్తే ఒక్కోదానికి అందేది ఇంకా తగ్గుతుంది. అయినా మన 25 వాట్లకు ఢోకా లేదు.

కోఠీ గుజరాతీ గల్లీలో తిరిగితే 'పీఎంపీఓ 5000 వాట్లు' అని రంగు రంగుల అక్షరాల అట్టలు కూడా కనబడొచ్చు. పీఎంపీఓకు కొలత లేదు, కట్టుబాటు లేదు. అట్ట వదిలేసి సెట్టు వెనక రేకు మీద 'విద్యుత్ వినియోగం' ఎంతో చూడండి. 60 వాట్లు తినే సెట్టు నిలకడగా 5000 వాట్లు కక్కుతుందంటే... కుండెడు పాలిచ్చే గేదె కడివెడు పాలిచ్చిందన్నట్టే!

మేమిద్దరం పొద్దున్నే బస్సెక్కి ఆ గల్లీకే వెళ్లాం. మొదటి దుకాణంలో మావాడి జేబులో 55 వేలున్నాయని వాసన పట్టిన సేల్స్‌మన్ ఏడు చానళ్ల రిసీవరు చూపించి, "పాత స్పీకర్లే పెట్టుకోండి సార్, ఏం కాదు" అన్నాడు. "3 ఓములు, కాగితం మీద రాసిస్తారా?" అన్నాను. వేరే బేరం వచ్చిందని అటు తిరిగిపోయాడు. రెండో దుకాణం పెద్దాయన మాత్రం గది ఎంతని అడిగాడు, ఎవరు వింటారని అడిగాడు. కొన్నది అక్కడే. కంపెనీల పేర్లు చెప్పను, ప్రచారమనుకుంటారు. అయిదు చానళ్ల మామూలు రిసీవరు ఒకటి, ముందు పెట్టే మూడు స్పీకర్లు ఒకే సీరీసువి, 8 ఓములు, 88 డెసిబెళ్లు. డబ్బు అక్కడికి అయిపోయింది. సబ్ ఊఫరు, పక్క స్పీకర్లు తర్వాత చూద్దామన్నాం.

"మూడేనా?" అని మావాడి మొహం చిన్నబోయింది. అక్కడే ఉంది కిటుకు. అయిదు చానళ్ల సినిమాలో మాటలు నూటికి తొంభైపాళ్లు మధ్య స్పీకరు నుంచే వస్తాయి. టీవీ ఏం చేస్తుందంటే, మాటలూ బాంబులూ వయొలిన్లూ అన్నీ కలిపి తన రెండు బుల్లి స్పీకర్లలో కుక్కేస్తుంది. మామయ్యకు 'చప్పుడు వినబడుతది, మాట వినబడదు' అనిపించింది అందుకే. మధ్య స్పీకరు విడిగా ఉంటే మాటను మాత్రమే పెంచొచ్చు. మెనూలో 'సెంటర్' అన్నదాన్ని మిగతావాటికంటే 3 డెసిబెళ్లు పెంచాం. ఆ పని ఎన్ని వేల వాట్ల రిసీవరు కొన్నా పాత 3 ఓముల డబ్బాలతో అయ్యేది కాదు. అయిదు స్పీకర్లు నాసివి కొనేకంటే ముందు మూడు మంచివి కొనడం మేలని నా అభిప్రాయం. ముగ్గురూ ఒకే కుటుంబంవాళ్లయి ఉండాలి సుమా! లేకపోతే హీరో ఎడమ నుంచి కుడికి నడిచేలోగా గొంతు మూడుసార్లు మారుతుంది.

బిగించడానికి ఒక పూట పట్టింది. స్పీకర్ల తీగకు ఖరీదైన పాము తోలు కేబుళ్లు అక్కర్లేదు. ఎలక్ట్రికల్ షాపులో దొరికే 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ ఇంత దూరానికి బ్రహ్మాండంగా సరిపోతుంది. ఎర్రదానికి ఎరుపు, నల్లదానికి నలుపు కలిపామా లేదా అన్నదే ముఖ్యం. ఒకటి తారుమారైతే రెండు స్పీకర్లూ ఒకదాని బేస్‌ను ఒకటి మింగేస్తాయి. టీవీ నుంచి రిసీవరుకు హెచ్.డి.ఎం.ఐ. తీగను 'ఏఆర్‌సీ' అని రాసిన సందులోనే పెట్టాలి. పక్క సందులో పెట్టి 'సౌండు రావట్లేదు' అని దుకాణానికి ఫోన్లు చేసేవాళ్లు బోలెడుమంది. సబ్ ఊఫరు వచ్చాక ముందు స్పీకర్లను మెనూలో 'స్మాల్' అని, 80 హెర్ట్జ్ దగ్గర కోత అని పెట్టమన్నాను. ఆ కిందున్న బరువంతా సబ్ ఊఫరు మోస్తుంది, రిసీవరు ఊపిరి పీల్చుకుంటుంది.

గది ఊరుకుంటుందా? పైన స్లాబు, కింద బండలు, నాలుగువైపులా ప్లాస్టరు గోడలు. చప్పట్లు కొడితే గుళ్లో గంటలా మోగింది. అత్తయ్య పెట్టెలోంచి ఓరుగల్లు షత్రంజి తీయించి సోఫా ముందు పరిపించాం. గోడకు పోచంపల్లి దుప్పటి వేలాడదీద్దామంది మా మరదలు. అందంగా ఉంటుంది గాని ఆ పల్చటి బట్ట శబ్దాన్ని పీల్చదు. బట్టలు దట్టంగా ఉన్న బీరువా తలుపు తీసిపెట్టినా దానికంటే నయం! మరో శత్రువు రహదారి. రాత్రింబవళ్లు లారీలు. గది నిశ్శబ్దమే అంత ఎత్తున ఉంటే మాట దానిమీదికి ఎక్కాలి కదా. రోడ్డువైపు కిటికీ మూసి, రెక్కల సందులో రబ్బరు పట్టీ అంటిస్తే మాట మరింత తేటపడింది. ఖర్చు చాయ్ బిస్కట్లంత.

ఇక నల్గొండ ఎండల గురించి చెప్పేదేముంది! మే నెలలో 44, 45 డిగ్రీలు. రిసీవరు నెత్తి మీద చిల్లులుండేది వేడి పోవడానికి. మన ఆడవాళ్లు మాత్రం కొత్త వస్తువు కనబడితే చాలు, కుట్టుపూల గుడ్డ కప్పేస్తారు. తీయించడానికి పెద్ద రాయబారమే నడిపాను. పైన కనీసం జానెడు ఖాళీ వదలండి, అద్దాల అల్మారాలో పెట్టి తలుపు మూయకండి. రాతి నేలల ఊళ్లలో ఎర్తింగు కూడా ఒకసారి చూపించుకోవాలి. మావాళ్లింట్లో స్పీకర్లు ఊరికే 'గుయ్' మంటుంటే ఎలక్ట్రీషియన్ వచ్చి చూశాడు. ఎర్తింగు గుంత ఎండిపోయి గట్టిపడి ఉంది. బొగ్గు, ఉప్పు మళ్లీ వేసి రెండు బిందెల నీళ్లు పోశాక ఆ రొద తగ్గింది.

మొదటి సినిమా ఏది పెట్టాలన్నదాని మీద ఇంట్లో ఓటింగ్ జరిగింది. పిల్లలు 'ఆర్.ఆర్.ఆర్.' అన్నారు. మామయ్య 'మాయాబజార్' అన్నాడు. పెద్దాయన మాటే నెగ్గింది. 1957 నాటి సినిమా కదా, దానికి ఒకే ట్రాకు ఏమిటీ, ఇన్ని స్పీకర్లేమిటీ అనుకుంటారేమో. 2010లో రంగులద్ది విడుదల చేసినప్పుడు దాని శబ్దాన్ని అయిదు చానళ్లకు మళ్లీ మలిచారు. అలా మలచని పాత సినిమాలకు కూడా రిసీవరులో 'సరౌండ్' మోడు నొక్కితే మాటలు మధ్య స్పీకరుకు చేరతాయి. ఘటోత్కచుడిగా ఎస్వీ రంగారావుగారు నోరు విప్పగానే మామయ్య కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. ఆ రాత్రి అరుగు మీదికి పోలేదు. మధ్యలో ఒకసారి మాత్రం "రీలు మార్చుడు లేదు గద ఇగ" అన్నాడు.

పిల్లల సినిమా మర్నాడు. మావాడు ఉత్సాహం పట్టలేక వాల్యూం చివరిదాకా తిప్పబోతే చెయ్యి పట్టుకున్నాను. పెద్ద రిసీవరే స్పీకర్లను కాలుస్తుందని అందరూ అనుకుంటారు. చిన్న రిసీవరును శక్తికి మించి తిప్పినా కాలుతాయి. బలం అయిపోయాక అది శబ్దం అంచుల్ని కత్తిరించి పంపుతుంది. ఆ గరుకు శబ్దానికి ముందు పోయేది సన్నటి తీగచుట్టు ఉన్న ట్వీటరు. గొంతు బొంగురుపోయినట్టు వినబడగానే తగ్గించెయ్యాలి, పుట్టినరోజు పార్టీ అయినా సరే.

"మరి అట్మాస్?" అని మావాడు ఇప్పుడు అడుగుతున్నాడు. నెత్తిన రెండు స్పీకర్లు కావాలన్నా ఏడు చానళ్ల రిసీవరుండాలి, మనది అయిదే. దానికంటే ముందు సబ్ ఊఫరు ఉంది, పక్క స్పీకర్లున్నాయి. దసరాకు ఆ రెండూ కొంటానన్నాడు. కాగితం మీద రాసిచ్చాను: పక్కవి 8 ఓములు, సబ్ ఊఫరుకు సొంత ప్లగ్గు.